వైన్స్ షాపులో దొరకని రుచి

మన ఊళ్లలో ‘వైన్స్’ అని పెద్ద బోర్డు పెట్టిన షాపులో సరిగ్గా దొరకని సరుకు ఏదైనా ఉందంటే, అది వైనే. క్వార్టర్లుంటాయి, బీర్లుంటాయి, బయట బండి మీద ఉడకబెట్టిన శెనక్కాయలుంటాయి. వైన్ కావాలంటే మాత్రం కౌంటర్లో అన్న మనల్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, పై అరలోంచి దుమ్ము పట్టిన సీసా ఒకటి దించుతాడు. ఆ దుమ్ము తుడిచి ఇచ్చే తీరులోనే మన మీద ఆయన అభిప్రాయం తెలిసిపోతుంది.

అనంతపురం కుర్రాడు వైన్ రుచి గురించి రాస్తానంటే ఇంట్లోవాళ్లకి కోపం, ఫ్రెండ్స్‌కి నవ్వు. రెండూ న్యాయమే. మాది రాయదుర్గం దగ్గర పల్లె. అనంతపురంలో ఇంజినీరింగ్, బెంగళూరులో కోడింగ్. మా ఇంట్లో సీసా అన్న మాటే ఎవరూ పైకి అనరు. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, తాగుడుకే పోయాడు. నాలుగు బోర్లు వేశాడు, నాలుగూ ఫెయిల్. తర్వాత శెనక్కాయ పంట పోయింది, తర్వాత అప్పులు, తర్వాత సాయంత్రాలు, తర్వాత పగళ్లు. 41 ఏళ్లకే లివర్ పోయింది. అప్పుడు నేను బీటెక్ సెకండియర్. కాబట్టి ఈ వ్యాసం ‘తాగండి’ అని చెప్పేది కాదు. రుచి చూడటానికీ తాగడానికీ మధ్య ఎంత దూరముందో చెప్పేది.

బ్లాక్‌కరంట్ ఎవరు చూశారప్పా?

రెండేళ్ల క్రితం ఆఫీస్ టీమ్ అవుటింగ్‌లో నంది కొండల వైపు ఒక వైనరీకి వెళ్లాం. ఆ ప్రాంతంలో ఫ్రెంచి ద్రాక్ష రకాలతో వైన్ తయారీకి పేరు తెచ్చింది గ్రోవర్ కుటుంబం. కన్వల్ గ్రోవర్ అక్కడ 1988లో వైన్‌యార్డ్ మొదలుపెట్టారు. హైవే మీద బెంగళూరు పోయే ప్రతి అనంతపురం బస్సూ ఆ కొండల పక్కనుంచే పోతుంది. మేం వెళ్లిన తోటలో పని చేస్తున్న ఆడవాళ్లు మన తెలుగే మాట్లాడుకుంటున్నారు.

గైడ్ తలా ఒక గ్లాసులో రెండు గుక్కలంత ఎర్ర వైన్ పోశాడు. ‘బ్లాక్‌కరంట్, సెడార్, కొంచెం టొబాకో తెలుస్తున్నాయా?’ అన్నాడు. అందరూ తల ఊపారు. బ్లాక్‌కరంట్ అంటే మాకు తెలిసింది ఐస్‌క్రీమ్ ఒకటే. ఆ పండు చెట్టు మీద చూసినోడు మా టీమ్‌లో ఎవడూ లేడు. వైట్ వైన్ దగ్గర ‘గూస్‌బెర్రీ’ అన్నాడు. అది మన ఉసిరికాయ కూడా కాదు, యూరప్‌లో పెరిగే వేరే కాయ.

నాకు మాత్రం ఆ ఎర్ర వైన్‌లో బాగా మాగిన నేరేడుపండు వాసన వచ్చింది. అదే అన్నాను. గైడ్ ఒక్క క్షణం ఆగి, మళ్లీ తన గ్లాసు వాసన చూసుకుని, ‘కరెక్టే, జామున్’ అన్నాడు. వైన్ గురించి నాకు అర్థమైన మొదటి సంగతి అదే. ఆ గ్లాసులో బ్లాక్‌కరంట్ పండూ లేదు, నేరేడుపండూ లేదు. ద్రాక్ష పులిసినప్పుడు పుట్టే వందల రకాల వాసన పదార్థాలున్నాయి. వాటికి ఎవరి ముక్కు ఎక్కడ పెరిగిందో అక్కడి పేరు పెడుతుంది.

అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో ఆన్ నోబుల్ అనే శాస్త్రవేత్త 1980లలో ఇలాంటి పేర్లన్నిటినీ ఒక చక్రంలో సర్దారు. దాన్ని ‘అరోమా వీల్’ అంటారు. లోపలి వలయంలో పండు, పువ్వు, మసాలా, మట్టి లాంటి పెద్ద గుంపులు. బయటికి వచ్చేకొద్దీ ఒక్కో వాసనకి ఒక్కో పేరు. మన పండ్లతో, మన వంటింటి వాసనలతో అలాంటి చక్రం మనమూ గీసుకోవచ్చు.

నాలుగు పనులు, ఐదు నిమిషాలు

పద్ధతి చాలా సింపుల్. డీబగ్గింగ్ లాంటిదే: ముందు ఉన్నది ఉన్నట్టు చూడు, తీర్పు తర్వాత.

మొదటిది చూపు. గ్లాసును తెల్ల కాగితం మీద వాల్చి చూడాలి. ఎర్ర వైన్‌కి రంగు గుజ్జులోంచి రాదు, తోలులోంచి వస్తుంది. వయసయ్యేకొద్దీ ఎర్ర వైన్ అంచు ఇటుక రంగుకి తిరుగుతుంది, వైట్ వైన్ ముదురు పసుపవుతుంది.

రెండోది తిప్పడం. గ్లాసు కాడ పట్టుకుని టేబుల్ మీదే గుండ్రంగా రెండుసార్లు తిప్పితే చాలు. గాలి తగిలి వాసనలు పైకి లేస్తాయి. వేడి రసంలో గరిటె తిప్పితే వాసన లేస్తుంది చూడండి, అలాగ. గ్లాసు మూడో వంతుకి మించి నింపకపోవడానికి కారణం పిసినారితనం కాదు. పైన ఖాళీ ఉంటేనే వాసన నిలుస్తుంది.

మూడోది ముక్కు. అసలు పనంతా ఇక్కడే. నాలుకకి తెలిసే మూల రుచులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతాదంతా ముక్కు చేసే పని. జలుబు చేసినప్పుడు ఉగ్గాని కూడా చప్పగా ఉండేది అందుకే. నమ్మకపోతే ముక్కు గట్టిగా మూసుకుని కొంచెం బెల్లం నోట్లో వేసుకోండి. తీపి ఒక్కటే తెలుస్తుంది. ముక్కు వదలగానే చెరకు, పాకం, పొగ అన్నీ ఒక్కసారి వస్తాయి. నోట్లోంచి వెనక దారిన ముక్కులోకి ఎక్కే ఆ గాలే మనం ‘రుచి’ అనుకునే దాంట్లో పెద్ద భాగం.

నాలుగోది గుక్క. చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పాలి. తర్వాత మింగొచ్చు, ఉమ్మేయొచ్చు కూడా. రోజుకి పదుల వైన్లు రుచి చూసే నిపుణులు దాదాపు అన్నీ ఉమ్మేస్తారు. దానికోసం టేస్టింగ్ టేబుల్ మీద ప్రత్యేకంగా గిన్నె పెడతారు. మా మామకి ఈ సంగతి చెప్పుంటే నవ్వి చచ్చేవాడు. నాకు మాత్రం ఆ గిన్నెను చూసినప్పుడే ఈ విద్య మీద గౌరవం కలిగింది. మత్తు అక్కర్లేకుండా కూడా ఈ పనంతా చేయొచ్చని అది చెప్పకనే చెబుతోంది.

ఉగాది పచ్చడి తిన్న నాలుకకి ట్యూషన్ అక్కర్లేదు

ఎర్ర వైన్ మొదటిసారి తాగినోడు ఎవడైనా మొహం చిట్లిస్తాడు. నోరు ఎండిపోయినట్టు, చిగుళ్లు పట్టేసినట్టు ఉంటుంది. అది ద్రాక్ష తోలులోంచి, గింజల్లోంచి వచ్చే టానిన్. ఓక్ పీపాలో పెడితే ఆ చెక్కలోంచి కూడా వస్తుంది. టానిన్ మన ఉమ్మిలోని ప్రొటీన్లను పట్టుకుంటుంది, దాంతో నోట్లో జారుడు తగ్గిపోతుంది. అందుకే దాన్ని రుచి అనాలా, స్పర్శ అనాలా అని ఇంగ్లీషు పుస్తకాలు పేజీలు పేజీలు వివరిస్తాయి.

మనకు ఒక్క మాట చాలు. వగరు.

పచ్చి అరటికాయ, లేత నేరేడు, మామిడి పిందె, తమలపాకులో వక్క. షడ్రుచుల్లో ఒకటిగా లెక్కపెట్టి, ఏడాదికోసారి ఉగాది పచ్చడిలో వేసుకుని, పిల్లలకి కూడా తినిపించే జాతి మనది. ఆరింటిని ఒకే చెంచాలో పెట్టి దేనికది విడిగా పట్టుకోమనడం కన్నా మంచి టేస్టింగ్ పాఠం ఏముంది?

మిగతావి కూడా మన మాటల్లోనే పట్టుకోవచ్చు. మింగిన తర్వాత దవడల పక్కన నీళ్లూరితే అది పులుపు. పులుపు లేని వైన్ ఉప్పు లేని సంగటే. నోట్లో బరువు ఎంతుందో చెప్పాలంటే నీళ్ల మజ్జిగా, చిక్కటి మజ్జిగా, పాలా అని అడగండి. మింగాక రుచి ఎన్ని సెకన్లు నిలుస్తుందో లెక్కపెట్టండి. మంచి వైన్‌ది త్వరగా పోదు.

మన పెద్దలు కవిత్వాన్ని కూడా ఇట్లే కొలిచారు. నోట్లో వేసుకోగానే రసం తెలిసేది ద్రాక్షాపాకం, తొక్క తీస్తే అందేది కదళీపాకం, పీచు వలిచి పగలగొడితేగానీ దక్కనిది నారికేళపాకం. వైన్లకీ ఇదే సరిపోతుంది. తేలికైన వైట్ వైన్ మొదటి గుక్కలోనే మాట్లాడుతుంది. వగరెక్కువ ఉన్న కాబర్నే సావిన్యోకి టైమివ్వాలి, గాలి తగలనివ్వాలి, పక్కన తినడానికి ఏదైనా ఉండాలి. ద్రాక్షతో చేసిందాన్ని నారికేళపాకం అనడం విచిత్రమే అయినా నిజం.

తొలివాన వాసన

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. అది కూడా పడితే. అందుకే వాన వాసన విషయంలో మాకు పోటీ లేదు. దూరంగా ఎక్కడో పడుతుంటేనే మా జేజి అరుగు మీద కూర్చుని, గాలి పీల్చి, ‘ఆ పక్క పడతాండాది’ అని దిక్కు చెప్పేది.

ఎండిన నేల మీద తొలి చినుకు పడ్డప్పుడు లేచే ఆ వాసనకి 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ ‘పెట్రికోర్’ అని పేరు పెట్టారు. దాంట్లో ముఖ్యమైన పదార్థం జియోస్మిన్. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి. లక్ష కోట్ల వంతుల్లో కొన్ని వంతులున్నా మనిషి ముక్కు దాన్ని పట్టేస్తుంది. మన దేశంలో కన్నౌజ్ వాళ్లు ఈ వాసనను ఎప్పట్నుంచో అత్తరుగా తీస్తున్నారు.

తమాషా ఏంటంటే, ఇదే జియోస్మిన్ వైన్‌లో ఎక్కువైతే దాన్ని లోపంగా లెక్కేస్తారు. ద్రాక్షకి బూజు పట్టిందేమో అని అనుమానిస్తారు. మాకు పండగలాంటి వాసన వాళ్లకి అనుమానం. వాసనలో మంచీ చెడూ ఉండవు, అది ఎక్కడ ఎదురైందన్నదే లెక్క.

అమ్మ వంటింటి భాషలో లోపాలకి కూడా మంచి పేర్లున్నాయి. బియ్యానికి పట్టే ముక్కవాసన, నూనె కమురు, మాడు, నీచు, పచ్చివాసన. కార్క్ పాడైన వైన్ తడిసిన అట్టపెట్టెలా ఉంటుందని పుస్తకాలు చెబుతాయి. ముక్కవాసన అంటే సరిపోతుంది. సరిగ్గా పండని కాబర్నేలో వచ్చే పచ్చి క్యాప్సికమ్ లాంటి వాసనకి కారణం పైరజీన్లు అనే పదార్థాలు. వేయించిన శెనక్కాయలకి ఆ కమ్మటి వాసన ఇచ్చేది కూడా ఆ కుటుంబంలోని పదార్థాలే. ‘పచ్చివాసన పోయేదాకా వేయించు’ అని అమ్మ అనే మాటలో ఇంత కెమిస్ట్రీ ఉంది.

ఎవరి ముక్కుకి ఏది అందదో కూడా తెలుసుకోవాలి. షిరాజ్ వైన్‌లో మిరియాల ఘాటుకి కారణం రొటండోన్ అని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో తేల్చారు. అప్పుడు వాసన చూసినవాళ్లలో సుమారు ఐదో వంతు మందికి అది అసలు తెలియనే లేదు. కాబట్టి పక్కవాడు చెప్పింది మీకు రాకపోతే సిగ్గుపడే పనేం లేదు.

కరువుకి వాల్వ్ ఉంటే

వైన్ పుస్తకాల్లో తరచూ కనిపించే మాట ఒకటుంది: తీగ కష్టపడాలి. నీళ్లు ఎక్కువైతే ద్రాక్ష ఉబ్బి రుచి పలచబడుతుంది. తగ్గిస్తే గింజ చిన్నదవుతుంది. గుజ్జుతో పోలిస్తే తోలు వాటా పెరిగి రంగు, వగరు, వాసన చిక్కబడతాయి. మనం తినే పెద్ద ద్రాక్షకీ వైన్ ద్రాక్షకీ తేడా చాలావరకు ఇదే: వైన్ ద్రాక్ష చిన్నది, తోలు మందం, గింజలుంటాయి.

మా ఊరి నుంచి బళ్లారి, హోస్పేట దాటి పోతే హంపి కొండల ప్రాంతంలో కృష్మ ఎస్టేట్స్ ఉంది. హైదరాబాద్‌లో గ్రాన్యూల్స్ ఇండియా మందుల కంపెనీ స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ దాన్ని నెలకొల్పారు. ఇద్దరి పేర్లు కలిపితేనే ఆ పేరు. ఆ దిక్కంతా మా వైపులాగే బండరాళ్లు, ఎర్రనేల, ఎండ. అక్కడ కాబర్నే పండుతోంది, సాంజొవేజే పండుతోంది. యూరప్‌లో చలికాలం తీగ నిద్రపోతుంది. మన పీఠభూమిలో దానికి నిద్ర లేదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, వేసవి మొదట్లో ఒకసారి, వానల చివర్లో ఇంకోసారి. కోత పొడి నెలల్లో, జనవరి నుంచి మార్చి వరకు.

ఇవన్నీ చదివినప్పుడు నాకు ఒక్క దగ్గర మాత్రం గుటక పడలేదు. కష్టం రుచినిస్తుందన్న మాట గ్లాసు పట్టుకున్నోడి నోట్లో బాగానే ఉంటుంది. తీగ పడే ఆ కష్టానికి డ్రిప్ పైపు ఉంది, పైపుకి వాల్వ్ ఉంది. ఎంత ఎండబెట్టాలో, ఎప్పుడు తడపాలో చెప్పడానికి మనిషున్నాడు. మా శెనక్కాయకి ఊడలు దిగే టైంలో ఒక్క వాన తప్పితే కాయే పట్టదు. మా మామ కరువుకి వాల్వ్ లేదు. దాన్ని తిప్పి ఆపేవాళ్లూ లేరు. కరువును కవిత్వం చేసే ప్రతి వైన్ లేబుల్ దగ్గరా నాకు ఈ తేడా గుర్తొస్తుంది. గుర్తుండాలి కూడా.

అమ్మ ముక్కు

పోయిన దసరాకి అమ్మ బెంగళూరు వచ్చింది. ఫ్రిజ్‌లో సగం సీసా ఉంది. దాచలేదు.

‘ఇదేందిరా?’

‘వైన్ మా.’

‘బ్రాందీనా?’

‘కాదు మా. ద్రాక్షపండ్లది. పులియబెట్టి చేస్తారు.’

అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ‘మీ మామ కూడా మొదట్లో ఇట్లే అన్యాడు. ఫ్రెండ్సు, పండగ, రోంత’ అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. తాగమని అనలేదు, సమర్థించుకోలేదు. గ్లాసులో కొంచెం పోసి ఆమె ముందు పెట్టి, ‘తాగొద్దులే మా, వాసన ఒక్కటి చూడు’ అన్నాను. గోతంలో చెయ్యి పెట్టి వాసన చూసి శెనక్కాయ విత్తనం పనికొస్తుందా లేదా అని చెప్పే మనిషి ఆమె.

గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. ‘నేరేడుపండ్లు. మాగి కింద పడినేటివి’ అంది. ఇంకోసారి చూసి, ‘పాత కట్టెపెట్టె తెరిసినట్ల’ అంది. ఆ వైన్ ఓక్ పీపాలో పెట్టింది. లేబుల్ మీద ఇంగ్లీషులో అదే రాసుంది. అమ్మకి ఇంగ్లీషు రాదు.

గ్లాసు పక్కన పెట్టి, ‘మీ మామ దగ్గర వచ్చే వాసన ఇది కాదు’ అంది. కాసేపాగి, ‘అదీ పండ్లతో చేసిందే అయ్యుంటే ఏమన్నా మారుతుండెనా?’ అని నన్నే అడిగింది. మారేది కాదని ఇద్దరికీ తెలుసు. మనవాళ్లు తాగే విస్కీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది, వైన్ మీద 12 నుంచి 14. రోజూ తాగితే, బాధ మర్చిపోవడానికి తాగితే, ఆ తేడా ఎవరినీ కాపాడదు.

చివరికి అమ్మ ఒక్క షరతు పెట్టింది. ‘తాగితే నాకు చెప్పి తాగు. దాచినావంటే అప్పుడు భయం.’ అప్పట్నుంచి సీసా తెరిచిన రోజు ఆమెకి వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెడతాను. ఆమె వెంటనే ఫోన్ చేసి, ఎంత తాగినావని కాదు, ఏం వాసన వచ్చిందని అడుగుతుంది. ఎంత తాగానో నా గొంతులోనే వినేస్తుందని నాకు తెలుసు.

ధర చూడొద్దు, రంగు నమ్మొద్దు

బెంగళూరులో వైన్ చుట్టూ గొప్పలు చాలానే ఉన్నాయి. వాటికి మందు బ్లైండ్ టెస్ట్. 2001లో ఫ్రాన్స్‌లో ఒక ప్రయోగం గురించి ప్రచురించారు. వైట్ వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి బోర్డోలో 54 మంది వైన్ విద్యార్థులకి ఇస్తే, దాన్ని వాళ్లు ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. ముక్కు మీద కన్ను అంత పెత్తనం చేస్తుంది. 1976లో పారిస్‌లో లేబుళ్లు కప్పేసి పోటీ పెడితే, ఫ్రెంచి జడ్జీలే ఫ్రెంచి వైన్లను కాదని కాలిఫోర్నియా వైన్లకి మొదటి స్థానాలిచ్చారు.

మేం ముగ్గురు ఫ్రెండ్స్ నెలకోసారి ఇదే చేస్తాం. రెండు సీసాలకి పేపర్ చుడతాం, ఎవరికి ఏం తోచిందో చెప్పుకోకముందే రాసుకుంటాం. ఖరీదైన సీసా చాలాసార్లు ఓడిపోయింది. తలా ఒక గ్లాసుకి మించదు, ఎవరూ బండి తీయరు. ‘రూమ్ టెంపరేచర్‌లో తాగండి’ అన్న సలహా మాత్రం యూరప్ ఇళ్ల లెక్క. ఎర్ర వైన్‌కి 16 నుంచి 18 డిగ్రీలు బాగుంటుంది. మా అనంతపురంలో మే నెల రూమ్ టెంపరేచర్‌లో పెడితే సీసా ఉడికిపోతుంది.

ఆరోగ్యానికి మంచిదని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నమ్మొద్దు. ఆల్కహాల్‌ని క్యాన్సర్ కారకాల్లో మొదటి గ్రూపులో పెట్టింది 1988లోనే. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో మళ్లీ చెప్పింది. తాగనివాళ్లు ఈ రుచి కోసం మొదలుపెట్టాల్సిన అవసరం అస్సలు లేదు.

ఎందుకంటే ఈ విద్యకి వైన్ తప్పనిసరి కాదు. ఈ రాత్రే చేసి చూడండి. మూడు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో దానిమ్మ రసం, ఒకదాంట్లో చీనీకాయ రసం, ఒకదాంట్లో పాలు పోయని చల్లటి టీ. దానిమ్మని తిప్పి వాసన చూడండి. చీనీ తొక్కని గోటితో గిల్లి ఆ నూనె వాసన విడిగా పట్టుకోండి. టీలో వగరు నోట్లో ఏ మూల పట్టుకుంటుందో వెతకండి. తోచిన మాట తెలుగులోనే రాసుకోండి. తర్వాత ఆ గ్లాసులు మీ ఇంట్లో పెద్దావిడ ఎవరికైనా ఇచ్చి, ఆమె ఏమంటుందో వినండి. మీ కాగితంలో లేని మాట ఒకటైనా చెబుతుంది. దాన్నీ రాసుకోండి.